గుంజితే ఊడే ముడి

మెట్‌పల్లిలో రాజం పొద్దున్నే ఎదురొస్తే జనం ఏదో మరిచిపోయినట్టు తల కొట్టుకుని పక్క సందులోకి తిరిగిపోయేవారు. తిట్టేవారు కాదు, కసిరేవారు కాదు. పాపం, అందరూ మంచివాళ్లే! తప్పుకునేవారు, అంతే. పని పడ్డ రోజున మాత్రం ఆ మంచివాళ్లే ఉరుకులు పరుగుల మీద అతని వాకిట్లోకి వచ్చి, "రాజం, ముసలాయన పోయిండు, జర జల్ది రా" అని చేతులు పట్టుకునేవారు.

రాజం పని విమానాలు కట్టడం. ఆకాశంలో పోయేవి కావు. మెడలో లింగం కట్టుకునే ఇండ్లల్లో మనిషి పోతే పాడె మీద పడుకోబెట్టరు, పీట మీద కూర్చోబెట్టి తీసుకుపోతారు. ఆ పీట చుట్టూ వెదురు బద్దలు నిలిపి, పైన గోపురం కట్టి, రంగు కాగితాల పూలు, తోరణాలు వేలాడదీసి చిన్న గుడిలాగా చేస్తారు. అదే విమానం. రాజం తాత కట్టాడు, బాపు కట్టాడు, ఇప్పుడు రాజం కడుతున్నాడు. కోరుట్ల కాగితంతో అతను కత్తిరించిన తామరపువ్వును చూసి ఏడుపు మధ్యలో కూడా జనం ఒక్క క్షణం ఆగేవారు.

ఆ పనిలో ఒక మర్యాద ఉంది. గుంత దగ్గరికి పోయాక విమానం ముడులు ఒక్కొక్కటే విప్పుతూ కూర్చోకూడదు. పోయిన మనిషిని పట్టుకుని వేలాడినట్టు అవుతుందట. అందుకని బద్దలన్నీ ఒకే దారంతో, ఒకదాని వెంట ఒకటి, గుంజితే ఊడే ముడులు వేసి కడతారు. కొస ఒకటి ముందువైపు జానెడు వదులుతారు. సమాధి చేసేముందు ఇంటి పెద్ద ఆ కొస పట్టి ఒక్క గుంజు గుంజుతాడు. గోపురమంతా జలజలా రాలి కింద పడుతుంది. రాజానికి ఆరేళ్లప్పుడే బాపు ఆ ముడి నేర్పాడు. మొలతాడు ముడి కన్నా ముందు నేర్చుకున్న ముడి అది.

రాజం బాధ జనం తప్పుకుపోవడం గురించి కాదు. అది పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. అతని బాధంతా సక్కుబాయి గురించి. ఖానాపూర్ దిక్కు నుంచి ఈ ఇంటికి వచ్చిన పిల్ల. ఏం గొంతు ఆమెది! పెండ్లి పాటలు ఆమెకు తెలిసినన్ని ఆ చుట్టుపక్కల ఏడూళ్లలో ఎవరికీ తెలియవు. కానీ కాపురానికి వచ్చి పదమూడేండ్లయినా ఒక్కరంటే ఒక్కరు ఆమె నుదుట బొట్టు పెట్టి పెండ్లికి రమ్మని పిలవలేదు. విమానాలు కట్టేవాడి పెండ్లాం పందిట్లో కూర్చుంటే ఎట్లా? ఆమె ఇంట్లో ఇసుర్రాయి ముందు కూర్చుని పాడుకునేది. గోడ అవతల నీళ్ల బిందెలతో ఆడవాళ్లు నిలబడి ఆ పాట వినేవారు. వినడమేమిటి, నేర్చుకుపోయేవారు! నేర్చుకున్న పాటను పోయి పందిట్లో పాడేవారు. ఎవరి పెండ్లిలోనో తన భార్య పాట గాలిమీద తేలివస్తుంటే రాజం చేతిలో కత్తెర ఆగిపోయేది.

"నీ పాట పాడుతుండ్రు చూడే" అనేవాడు కోపంగా.

"పాడనియ్యి తీ. పాటకేమన్న నా పేరు రాసున్నదా?" అనేది సక్కుబాయి. అని, మొహం అటు తిప్పుకునేది.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన రెండో ఏడు, మాఘమాసంలో, ఒక పొద్దున రాజం వాకిట్లో జీపు ఆగింది. దిగింది తునికాకు కంట్రాక్టరు భూమన్న పటేలు. ఉట్నూర్ అడవుల్లో ఆయన చేతికింద బీడీ ఆకు ఆరబెట్టే కల్లాలు ఆరు నడిచేవి. వెనక సీట్లోంచి కట్టె ఊతంతో ఆయన తల్లి కొమురవ్వ దిగింది. ఇద్దరూ బతికే ఉన్నారు, మరి పోయింది ఎవరు? రాజం తలపాగ తీసి చేతిలో పట్టుకుని, "ఎవలు పటేలా?" అన్నాడు.

భూమన్న పకపకా నవ్వాడు. "ఎవ్వలు పోలే ర! మా గౌరవ్వ పెండ్లి."

సంగతేమిటంటే, భూమన్నకు పెండ్లయిన పదేండ్ల దాకా పిల్లల్లేరు. వేములవాడ రాజన్నకు మొక్కుకున్నాడు. బిడ్డ పుడితే దాని పెండ్లి నీ పెండ్లిలాగే చేస్తా, పందిరి నీ గుడిలాగే కడతా అని. దేవుడు తన మాట నిలబెట్టుకున్నాడు, ఇప్పుడు భూమన్న వంతు.

"పందిట్ల అడుగు పెట్టినోనికి వేములాడ గుడిల నిలవడ్డట్టు అనిపియ్యాలె. పిల్లా పిలగాడు కూసునే కాడ ఐదంతరాల గోపురం. ఎనుక ఎండికొండ. ముంగట నంది. అంత కాగితం పనే. నీ అసొంటి చెయ్యి కరీంనగర్ జిల్లాల ఇంకోటి లేదు, నాకెరుక."

రాజం ఒకడుగు వెనక్కి వేశాడు. "నేనా పటేలా? జనం ఏమంటరు? నా పని ఎసొంటిదో..."

"లింగం కట్టుకున్నోళ్లకు సూతకమెక్కడిది ర? మా అయ్యగార్లు చెప్పేదే గది. సావుకు మైల లేదు, పనికి మైల లేదు. నువ్వు ఫికర్ పడకు."

ఈలోగా కొమురవ్వ తిన్నగా ఇంట్లోకి పోయింది. కొంగు ముడి విప్పి కుంకుమ పొట్లం తీసింది. ఇసుర్రాయి దగ్గర బిత్తరపోయి నిలబడ్డ సక్కుబాయి నుదుట బొట్టు పెట్టింది.

"పసుపు దంచే నాడే రావాలె బిడ్డా. పందిట్ల మొదాటి పాట నువ్వే ఎత్తుకోవాలె. గోడ అవుతల నిలవడి ఇనీ ఇనీ నా కాళ్లు గుంజుతున్నయి" అంది.

జీపు పోయాక సక్కుబాయి అద్దం ముందు చాలాసేపు నిలబడింది. ఆ రోజు మొహం కడుక్కోలేదు.

రాజానికి సంగతి స్పష్టంగా తెలిసింది. ఈ ఒక్క పెండ్లి సరిగ్గా జరిగితే చాలు. రేపటి నుంచి రాజం అంటే పెండ్లి పందిళ్ల రాజం. సక్కుబాయి ముందు వరుసలో కూర్చుంటుంది. ఇది పోతే మళ్లీ రాదు. ఎవరి ఇంటి ముందు జీపు రెండుసార్లు ఆగుతుంది?

మరునాడే కోరుట్ల పోయాడు. అక్కడ చేత్తో కాగితం చేసే ఇమాం సాబు తొట్టి పక్కన ఊరికే కూర్చుని ఉన్నాడు. నైజాం దఫ్తర్లన్నీ ఒకప్పుడు ఆ వీధి కాగితం మీదే రాసుకున్నాయి. ఇప్పుడు అంతా మిల్లు కాగితమే. "ఇదే ఆఖరి ఘాణీ రాజం, ఇగ తొట్టి నింప. తీస్కపో. శాదీ పని కదా, ఖుషీగ తీస్కపో" అని మిగిలిన నలభై దస్తాలూ గోనెసంచిలో పెట్టి ఇచ్చాడు. కొసన ఒక కాగితం వెలుగుకు పట్టి చూసి, మళ్లీ సంచిలోనే పెట్టాడు.

ఆ తర్వాత నెలరోజులు రాజం ఇంట్లో పండగ. నేలంతా అలికి, బొగ్గుతో గోపురం ముగ్గేశాడు. మోదుగపూలు ఉడకబెట్టి కాషాయం తీశాడు, పసుపుతో నీలిమందు కలిపి మారేడాకు పచ్చ తీశాడు. గంజిలో నానబెట్టిన కాగితపు ముద్దతో నందిని చేశాడు. నంది మొహం ఎందుకో భూమన్న పటేలులాగా వచ్చింది, సక్కుబాయి కడుపు పట్టుకుని నవ్వింది. ఆమె కూడా ఊరికే కూర్చోలేదు, కాగితపు మారేడు దళాలు పదకొండు వందలు మడిచింది.

ఎంత జాగ్రత్త పడ్డాడో మనిషి! విమానానికి ఒక్క కలశం పెడతారు, కాబట్టి ఐదు పెట్టాడు. విమానానికి పసుపు, ఎరుపు ఎక్కువ, కాబట్టి తెలుపు, పచ్చ ఎక్కువ వాడాడు. అక్కడ తామర రేకులు కిందికి వంచుతారు, ఇక్కడ పైకి విప్పాడు. పాత కత్తెర ముట్టలేదు, మెట్‌పల్లి అంగట్లో కొత్తది కొన్నాడు. గంజి కుండ కొత్తది, వెదురు కొత్తది, దారం కూడా కొత్తదే. రోజూ తలస్నానం చేసి పనిలో కూర్చున్నాడు.

"గింత బయమెందుకయ్యా?" అంది సక్కుబాయి.

"ఒక్క మచ్చ దొరకొద్దు. ఒక్కటంటే ఒక్కటి" అన్నాడు.

బద్దలు కట్టేటప్పుడు ఆమె పక్కన కూర్చుని పాట సరిచూసుకునేది. పార్వతి తల్లి మేనక ఇంటికి శివుడు అల్లుడై వచ్చే ఆ పాట ఆమె కట్టుకున్నదే.

"ఎండికొండ అల్లుడొచ్చె, ఎదురు పోవె మేనవ్వా,
ఒంటినిండ బూడిదాయె, పసుపు ఎట్ల పూతునే..."

రాజం వింటూ కట్టేవాడు. కళ్లు ఆమె మొహం మీద, చెవులు పాట మీద, మనసు ఎక్కడో పెండ్లి పందిట్లో. వేళ్లు వాటి పని అవి చేసుకుపోయేవి. పూలను వందసార్లు చూసుకున్నాడు, రంగులను ఎండలో, నీడలో చూసుకున్నాడు. ముడులను మాత్రం చూసుకోలేదు. ముడిని ఎవరు చూస్తారు? అన్నం కలిపేటప్పుడు వేళ్లను ఎవరైనా చూసుకుంటారా?

పెండ్లి ఫాల్గుణంలో. పొద్దుటి ముహూర్తం. గోపురం నిలబెట్టాక పందిట్లోకి వచ్చిన ప్రతివాడూ గడపలోనే ఆగిపోయాడు. వేములవాడ చూసిన ముసలివాళ్లు చెప్పులు బయట విడిచి, తెలియకుండానే చేతులు జోడించారు. ఖానాపూర్ నుంచి వచ్చిన మగపెండ్లివారు మెడలు ఎత్తి ఎత్తి చూశారు. "ఎవలు చేసిండ్రు?" అని అడుగుతున్నారు. "మా రాజం" అంటున్నాడు భూమన్న. మా రాజం! ఆ మాట వినడానికి రాజం స్తంభం పక్క నుంచి కదల్లేదు.

సక్కుబాయి పచ్చ చీర కట్టుకుంది. కొమురవ్వ ఆమెను చెయ్యి పట్టి తీసుకుపోయి ఆడవాళ్ల ముందు వరుసలో, తన పక్కనే కూర్చోబెట్టుకుంది. గౌరవ్వను తెచ్చి గోపురం కింద పీట మీద కూర్చోబెట్టారు. సక్కుబాయి గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది. పందిరంతా సద్దుమణిగింది. రాజం కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరగవా మరి, పదమూడేండ్లు!

మొదటి చరణం అయింది. రెండో చరణం అయింది.

పెండ్లికొడుకు మేనత్త గంగుబాయి శుభ్రం పట్టింపు గల మనిషి. పెండ్లిపిల్ల నెత్తి మీద పూలు సర్దుతూ ఉంటే, గోపురం ముందువైపు నుంచి జానెడు దారం కొస వేలాడుతూ కనిపించింది. ఇంత అందమైన పనిలో ఈ కొస ఏమిటి, బాగా లేదు అనుకుంది. పట్టుకుని తెంపుదామని ఒక్క గుంజు గుంజింది.

మొదట ఐదో అంతరం కలశాలు కదిలాయి. తర్వాత నాలుగోది జారింది. ఆ తర్వాత ఆపడానికి ఎవరి తరం? చాటలోంచి గింజలు పోసినట్టు తామరలు, తోరణాలు, బద్దలు, పదకొండు వందల మారేడు దళాలు జలజలా గౌరవ్వ మీద రాలిపోయాయి. దెబ్బ ఎవరికీ తగల్లేదు. కాగితం కదా. పిల్ల ఒడినిండా ఆకులతో అట్లాగే కూర్చుని ఉంది.

అట్లా రాలడం అక్కడున్న పెద్దవాళ్లు ప్రతి ఒక్కరూ చూసి ఉన్నారు. ఎక్కడ చూశారో ఎవరూ నోరు తెరిచి చెప్పనక్కరలేదు. మగపెండ్లివారిలో ఒక ముసలాయన వంగి దారం తీసుకుని, వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"గిది గా ముడే" అన్నాడు మెల్లగా.

రాజం తన చేతుల వంక చూసుకున్నాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. కానీ ఇది బుద్ధి కూడా కాదే! బుద్ధి నెలరోజులు కాపలా కాసింది. వేళ్లు దాని కన్నుగప్పి, ఆరేళ్లప్పుడు నేర్చుకున్నదే చేసి పెట్టాయి. కొస వదిలినట్టు అతనికి గుర్తు కూడా లేదు. ఆ చేతుల్ని అక్కడే నరుక్కుంటే బాగుండుననిపించింది.

పెండ్లి ఆగలేదు. పెండ్లి చేసే జంగమయ్య ముందుకు వచ్చి, "వడ్డది కాగితం. కానియ్యుండ్రి" అన్నాడు. ఇద్దరు మనుషులు చీపుర్లు తెచ్చి గోపురాన్ని పెరట్లోకి ఊడ్చేశారు. పిల్లను లోపలికి తీసుకుపోయి మళ్లీ తలంటుపోశారు. సూతకం లేదన్నారు కదా, మరి ఆ తలంటు ఎందుకో ఎవరూ అడగలేదు. బోడిగా మిగిలిన గుంజలకు నాలుగు మామిడి కొమ్మలు కట్టారు. మాడిన మొహాలతో మగపెండ్లివారు మళ్లీ కూర్చున్నారు.

సక్కుబాయిని లేచిపొమ్మని ఎవరూ అనలేదు. ఒక పక్క కొమురవ్వ ఉంది, రెండో పక్కావిడ కొంగు ఒద్దికగా దగ్గరికి తీసుకుని కొంచెం జరిగింది. వెనకావిడ తన చంటిపిల్లను ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. చూస్తుండగానే, కొమురవ్వ తప్ప, సక్కుబాయి చుట్టూ చాపంతా ఖాళీ అయింది. కొమురవ్వ ఆమె చెయ్యి పట్టుకోబోయింది గాని, సక్కుబాయి లేచి, పచ్చ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని బయటికి వచ్చేసింది. ఆమె గడప దాటాక లోపల ఎవరో పాట ఎత్తుకున్నారు. గోడ అవతల నేర్చుకున్న పాటే.

భూమన్న కోపగించుకుని ఉంటే రాజం భరించేవాడు. చెంప పగలగొట్టినా నిలబడేవాడు. కానీ ఆయన పెరట్లోకి వచ్చి, ఎటో చూస్తూ, "నీ తప్పేం లేదు రాజం. నాదే. నేను అడగకుంట ఉండాల్సుండె" అన్నాడు. "అన్నం తిని పోండ్రి" అన్నాడు. రాజానికీ సక్కుబాయికీ గడ్డివాము పక్కన, వేరుగా, విస్తర్లు వేశారు.

ముద్ద ఎవరికి దిగుతుంది? రాజం విస్తరి ముందు నుంచి లేచి, ఊడ్చిన కుప్పలోంచి తామరలు ఏరుతున్నాడు. ఎందుకు ఏరుతున్నాడో అతనికే తెలియదు. కట్టె చప్పుడు వినబడి తలెత్తితే కొమురవ్వ.

"మా వోడు సూతకం లేదన్నడు" అంది ఆమె, గడ్డివాముకు ఆనుకుని. "నోటితోని అన్నడు కొడకా. లోపట లేకుంట ఎట్లుంటది? నాకు గూడ లోపట దడుక్కుమన్నది, అబద్దమెందుకు."

"తప్పయింది అవ్వా. నా చేతులు... నాకు తెల్వకుంటనే..."

"తెలుసు." ఆమె వంగి ఒక తామర తీసుకుని, దుమ్ము ఊదింది. "డెబ్బై ఏండ్లల్ల గీంత సుందరమైన గోపురం సూడలే. గీ పూలు పారెయ్యకు. దాచిపెట్టు. నాకు కావాలె."

రాజానికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏరిన తామరలు కింద పెట్టేశాడు. "అవ్వా, గట్లనకు."

"నిన్ను ఇంకెవలు పెండ్లికి పిలుస్తరు కొడకా? నేనన్న పిలుస్త తీ. గా ముడే ఎయ్యి, మంచిగ ఎయ్యి." తామరను అతని చేతిలో పెట్టి, కట్టె తాటించుకుంటూ పోయింది.

పూలన్నీ ఇంటికి తెచ్చి వేపాకు వేసి సందుగ పెట్టెలో పెట్టారు. ఆ తర్వాత రాజం ఒక పిచ్చి పని మొదలుపెట్టాడు. రోజూ మంచం కోడుకు దారం కట్టి, ఊడని ముడి వేయడం నేర్చుకున్నాడు. వేసేవాడు, గుంజేవాడు, ఊడేది. మళ్లీ వేసేవాడు. నలభై ఏండ్ల మనిషి పలక పట్టిన పిల్లవాడిలాగా. రెండు నెలలకు వచ్చింది. ఎంత గుంజినా ఊడని, రాయి లాంటి ముడి. సక్కుబాయిని పిలిచి చూపించాడు.

"గట్టిగున్నదయ్యా" అంది ఆమె. అని, పనిలోకి పోయింది.

ఆ ముడి వేయడానికి అతన్ని ఎవరూ పిలవలేదు. ఆ ఏడు కాదు, మరుసటి ఏడు కాదు. పెండ్లి జీపులు, బండ్లు ఆ వాకిటి ముందు నుంచి పోతూనే ఉన్నాయి. పైగా ఇప్పుడు పొద్దున ఎదురైతే తప్పుకోవడమే కాదు, కొందరు వెనక్కి పోయి కాళ్లు కడుక్కునేవారు. ఊడని ముడి నేర్చుకోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయింది.

మూడో ఏట శ్రావణంలో, వాన పడుతుండగా, భూమన్న జీపు వాకిట్లో ఆగింది. ఈసారి రాజం "ఎవలు?" అని అడగలేదు. సందుగ తెరిచి, వేపాకు దులిపి, పూలన్నీ తీశాడు. కోరుట్ల కాగితం చెక్కుచెదరలేదు. ఐదు కలశాల్లో నాలుగు పక్కన పెట్టాడు. తామర రేకులు కిందికి వంచాడు. వేళ్లకు ఇప్పుడు రెండు ముడులూ తెలుసు, అందుకని ఒక్కొక్క ముడి చూసి చూసి వేశాడు. అన్నీ గుంజితే ఊడేవే వేశాడు.

కొమురవ్వ ఆ గోపురం కింద కూర్చుని ఊరంతా తిరిగింది. ఇంత చక్కటి విమానం పుట్టి బుద్ధెరిగి చూడలేదని జనం చెప్పుకున్నారు. గుంత దగ్గర భూమన్న కొస పట్టి గుంజితే ఐదంతరాలూ ఒక్కటొక్కటే, ఎక్కడా చిక్కుకోకుండా, మెత్తగా రాలాయి. "ముడి అంటే రాజం ముడే" అన్నారు పెద్దలు. భూమన్న అతని భుజం మీద చెయ్యి వేసి ఏడ్చాడు.

ఇంటికి వచ్చేసరికి సక్కుబాయి పొయ్యి ముందు కూర్చుని ఉంది. తడిసిన చీర కూడా మార్చుకోలేదు.

"లోపటికి పిలిచిండ్రు" అంది.

"ఎవలు?"

"అందరు. నేను వాకిట్ల నిలవడితే చెయ్యి పట్టి లోపటికి తీస్కపోయి, అవ్వ పక్కపొంటి కూసోబెట్టిండ్రు. జరిగి జాగ ఇచ్చిండ్రు. ఒక పాట ఎత్తుకో సక్కుబాయీ, అవ్వకు నీ పాటంటే పాణం అన్నరు."

రాజం ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"నోరు తెరిస్తే గా పెండ్లి పాట మూడో చరణమే అచ్చింది. ఇంకోటి యాదికి రాలే. మూస్కున్న" అంది సక్కుబాయి. అని, పొయ్యిలో కట్టె లోపలికి తోసింది.

ఆ తర్వాత ఆమె ఇసుర్రాయి దగ్గర కూడా పాడలేదు. గోడ అవతల ఆడవాళ్లు బిందెలు దించుకుని కొన్నాళ్లు నిలబడి చూశారు. లోపల ఇసుర్రాయి తిరిగే చప్పుడు ఒక్కటే వినబడేది. చూసి చూసి, వాళ్లు కూడా బావికి వేరే దారిన పోవడం మొదలుపెట్టారు.